ఇండియా గేటు మీద లేనివాళ్ళు

ఢిల్లీ చూడని తెలుగువాళ్ళు కోట్లలో వుంటారు గాని ఇండియా గేటు బొమ్మ చూడనివాళ్ళు వుండరు. పాఠ్యపుస్తకాల అట్టలమీద, గోడ కాలెండర్లమీద, జనవరి 26 కవాతు దృశ్యాలలో అది మన గణతంత్రానికి సింహద్వారంలా కనబడుతూనే వుంటుంది. ఆ ద్వారాన్ని ఎవరు కట్టించారు, ఎవరికోసం కట్టించారు, దానిమీద ఎవరి పేర్లు చెక్కించి ఎవరివి చెక్కించకుండా వదిలేశారు అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. నేనూ అడగలేదు. అడగకుండానే జవాబు చెప్పేవాణ్ణి. దాదాపు ఇరవై ఏళ్ళుగా తరగతి గదిలో ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా “తెల్లదొరలు తమ కూలి సిపాయిలకోసం కట్టించుకున్న తోరణం అది” అని ఒక్క వాక్యంతో తేల్చేసి, తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేవాణ్ణి. అభ్యుదయవాదినన్న ధైర్యంతో అన్న మాట అది. అందులో అసత్యం లేదు. ఆలోచన కూడా లేదని 2022 జనవరిలో తెలిసింది.

ఆ నెల 21న ఇండియా గేటు కింద యాభై ఏళ్ళుగా వెలుగుతున్న అమర్ జవాన్ జ్యోతిని పక్కనే వున్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు. ఎందుకని అడిగినవాళ్ళకు ప్రభుత్వ పక్షం నుంచి వచ్చిన సమాధానాల్లో ఒకటి ఇది: ఇండియా గేటు మీది పేర్లు బ్రిటిషువారి తరఫున పోరాడినవాళ్ళవి, అది మన వలస గతానికి గుర్తు. ఆ మాట వినగానే ఉలిక్కిపడ్డాను. అది అక్షరాలా నా మాట! పాలకపక్షం నోట నా వాక్యం అంత సులువుగా పలికిందంటే దాన్ని నేను మళ్ళీ ఒకసారి పరీక్షించుకోక తప్పదనిపించింది. ఈ వ్యాసం ఆ పరీక్ష.

ముందు తేదీలు చూద్దాం. ఈ తోరణానికి శంకుస్థాపన చేసినవాడు బ్రిటిషు రాజవంశీకుడైన కన్నాట్ డ్యూక్. 1921 ఫిబ్రవరి 10న. జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. సహాయ నిరాకరణోద్యమం దేశమంతటా రగులుతోంది, డ్యూక్ పర్యటనను కాంగ్రెసు బహిష్కరించింది. ఎడ్విన్ లుట్యెన్స్ రూపొందించిన ఈ 42 మీటర్ల కట్టడాన్ని వైస్రాయి ఇర్విన్ 1931 ఫిబ్రవరి 12న ఆవిష్కరించాడు. ఆనాడు లాహోరు జైల్లో భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవ్ ఉరికంబం కోసం ఎదురుచూస్తున్నారు. ఆవిష్కరణ జరిగి నలభై రోజులు గడవకముందే, మార్చి 23న, ఆ ముగ్గురినీ ఉరితీశారు. ఇలా తేదీలను పక్కపక్కన నిలబెట్టడం ఉపన్యాసకుల ఎత్తుగడ అని నా మిత్రుడొకాయన ఎప్పుడూ ఆక్షేపిస్తాడు. నేను నిలబెట్టలేదు, చరిత్రే నిలబెట్టింది. తన కోసం చచ్చిన భారతీయుణ్ణి రాతిమీద పూజిస్తూ, తనను ధిక్కరించిన భారతీయుణ్ణి తాటికి వేలాడదీసిన రాజ్యం ఒకటే, వైస్రాయి ఒకడే.

ఇక అంకెలు. మొదటి ప్రపంచయుద్ధానికి ఇండియా నుంచి పోరాడే సిపాయిలూ, కూలీలూ, వంటవాళ్ళూ, కంచరగాడిదల్ని తోలేవాళ్ళూ కలిసి పదమూడు లక్షల మంది వెళ్ళారు. చనిపోయినవాళ్ళు 70 వేలకు పైమాటే. ఆ అందరి స్మృతికీ కట్టిన తోరణమని పైన పెద్దక్షరాల్లో రాసివుంది. గోడలమీద చెక్కిన పేర్లు మాత్రం 13 వేల పైచిలుకు. తక్కినవాళ్ళెక్కడ? ఇక్కడ చెక్కినవి వాయవ్య సరిహద్దులోనూ, 1919 నాటి మూడో అఫ్గాన్ యుద్ధంలోనూ, దేశం లోపలా చనిపోయినవాళ్ళ పేర్లు. సముద్రం దాటి వెళ్ళి చచ్చినవాళ్ళను చచ్చిన చోటే తలచుకోవాలని పద్ధతి. అందుచేత ఫ్రాన్సువాళ్ళు ఫ్రాన్సులో, మెసపొటేమియావాళ్ళు మెసపొటేమియాలో వుండాలి. వున్నారా అన్నది ప్రశ్న.

ఫ్రాన్సులో వున్నారు. న్యూవ్ షాపెల్ అనే వూరి దగ్గర, 1915 మార్చిలో మనవాళ్ళు వేలాదిగా కూలిన చోట, హెర్బర్ట్ బేకర్ గీసిన నమూనా ప్రకారం కట్టిన స్మారకాన్ని 1927 అక్టోబరు 7న ఆవిష్కరించారు. పద్మం, పులులు, కిరీటం అన్నీ పెట్టిన స్తంభం. వలయాకారపు గోడమీద సమాధి దొరకని 4,700 మందికి పైగా సైనికులు, కూలీల పేర్లు. సిపాయి, నాయక్, హవల్దార్ ఎవరినీ వదల్లేదు. ఐరోపావాళ్ళు చూసే చోటు కదా!

బస్రా కథ వేరు. మెసపొటేమియాలో, అంటే నేటి ఇరాకులో, మరణించి సమాధి లేకుండా పోయిన 40 వేల మందికి పైగా సైనికులకు అక్కడ 1929లో స్మారకం వెలిసింది. వాళ్ళలో అత్యధికులు భారతీయులు. గోడమీద ఏముంది? బ్రిటిషు అధికారుల పేర్లున్నాయి. బ్రిటిషు సామాన్య సైనికుల పేర్లున్నాయి. భారతీయ అధికారుల పేర్లున్నాయి. ఆ తర్వాత, ఒక్కొక్క పటాలం పేరు కింద, ‘ఇతర భారతీయ సైనికులు ఇంతమంది’ అని ఒక అంకె. అంతే.

నేను రోజూ పొద్దున్నే హాజరుపట్టీ పిలిచేవాణ్ణి. ‘తొమ్మిదో తరగతి, నలభైమంది’ అని రాసి సంతకం పెట్టేస్తే ప్రధానోపాధ్యాయుడు వూరుకోడు. నెలకు పదకొండు రూపాయల జీతం పంచే పట్టీలో పేరు లేని సిపాయి ఎవడూ వుండడు; జీతమిచ్చిన చేయి పేరు రాసుకునే ఇచ్చింది. తర్వాతి కాలంలో ఇరాకులో మరణించిన వాళ్ళందరి పేర్లతో రెండు సంపుటాల గౌరవపట్టిక తయారయింది. దాన్ని ఇంగ్లండులోని మేడెన్‌హెడ్‌లో, సమాధుల కమిషన్ ప్రధాన కార్యాలయంలో వుంచారు. పేర్లు ఇంగ్లండులో, అంకెలు ఇరాకులో! ఆ అంకెల గోడ కూడా మొదట కట్టిన చోట లేదు. 1997లో సద్దాం హుస్సేన్ ఉత్తర్వు మీద దాన్ని రాయి రాయిగా విప్పి బస్రా బయట, 1991 యుద్ధం జరిగిన నేలమీద, మళ్ళీ నిలబెట్టారు. సూయజ్ కాలువ ఒడ్డున భారతీయ సైనికులకు కట్టిన మరో స్మారకమైతే ఈజిప్టు ఇజ్రాయెల్ యుద్ధాల్లో దెబ్బతిని కూలిపోయింది. ఒక యుద్ధపు మృతుల్ని మరో యుద్ధం మళ్ళీ చంపడం చూస్తున్నాం.

ఇందులో గమనించవలసిన విశేషమేమంటే, ఈ సమాధుల కమిషన్ 1917లో పుట్టిననాడు ప్రకటించుకున్న సూత్రం సమానత్వం. హోదా భేదం, జాతి భేదం, మత భేదం లేకుండా ప్రతి మృతుడికీ ఒకే రకం గుర్తు. ఆ కాలానికి అది నిజంగానే గొప్ప మాట. జనరల్‌కీ జవానుకీ ఒకే కొలత రాయి అంటే దొరల ఇళ్ళలో కలవరం పుట్టింది. ఆ సూత్రం సూయజ్ దాటాక ఏమయిందో కమిషనే తన చరిత్రను తవ్వించి 2021 ఏప్రిల్‌లో నివేదికగా ప్రచురించింది. ఆఫ్రికా, ఆసియా మృతుల్లో 45 వేల నుంచి 54 వేల మందికి అసమానంగా స్మరణ జరిగిందనీ, మరో లక్షా 16 వేల మందికి, బహుశా మూడున్నర లక్షల మందికి, పేరుతో గాని అసలే గాని స్మరణ జరగలేదనీ ఆ నివేదిక ఒప్పుకుంది. వీళ్ళలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు ప్రాంతాలవాళ్ళు, బరువులు మోసిన కూలీలు. ఆనాటి అధికారులు చెప్పుకున్న సాకు ఏమిటంటే, ఆ జనానికి సమాధిరాయి విలువ తెలియదట. కమిషన్ క్షమాపణ చెప్పింది, బ్రిటిషు రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. చచ్చిన నూరేళ్ళకు.

మనం మరింత కఠినమైన ప్రశ్నకు రావాలి. దొరలు వీళ్ళను అంకెలుగా రాశారు, సరే. ‘కూలి సిపాయిలు’ అని కొట్టిపారేసిన నేను ఏం చేశాను? నాది కూడా అంకె వేయడమే. యుద్ధకాలంలో కొత్తగా చేరిన సిపాయిల్లో సుమారు సగంమంది పంజాబువాళ్ళు. వాళ్ళు చేరిన తీరు చూడండి. మైకేల్ ఓడ్వయర్ ఏలుబడిలో జిల్లాకింత, వూరికింత అని కోటాలు వేశారు. మనుషుల్ని అప్పగించినందుకు జైల్దార్లకూ లంబర్దార్లకూ భూములూ బిరుదులూ ముట్టాయి. అప్పుల్లో మునిగిన చిన్న రైతుకు రెండో కొడుకు జీతం బియ్యానికో వడ్డీకో ఆధారం. కొరడా దెబ్బలు ఇండియా సైన్యంలో చట్టబద్ధమైన శిక్షగా 1920 దాకా వున్నాయి. ఇంతకీ ఆనాడు చేరవద్దని చెప్పిన పెద్దలెందరు? 1918లో ఖేడా జిల్లాలో సైన్యంలో చేరమని వూరూరా తిరిగినవాడు సాక్షాత్తూ గాంధీజీ. దేశనాయకులే సామ్రాజ్యాన్ని నమ్మిన రోజుల్లో నమ్మిన పాపం నిరక్షరాస్యుడైన రైతుబిడ్డ ఒక్కడి నెత్తినే వేయడం ఏ రకం వర్గదృక్పథం?

వాడి మనసులో ఏముందో తెలుసుకునే దారి లేదనుకుంటే పొరపాటు. సాహిత్య విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగాలి. ఫ్రాన్సు కందకాలనుంచీ, ఇంగ్లండులో బ్రైటన్ ఆసుపత్రుల నుంచీ భారతీయ సిపాయిలు ఇంటికి ఉత్తరాలు రాయించారు. రాయించారు అనడం ఎందుకంటే చాలామందికి అక్షరం రాదు; పక్కమంచం మీది చదువుకున్నవాడు రాసేవాడు. ఆ ఉత్తరాల్ని సెన్సారు అధికారులు తెరిచి, ఇంగ్లీషులోకి మార్చుకుని, పైవాళ్ళకు పంపారు. అసలు ఉత్తరాలు ఏ పల్లెలో ఏ చూరులో చెదలు తిన్నాయో. దొంగచాటుగా చదివినవాడి నకళ్ళు మాత్రం మిగిలాయి. డేవిడ్ ఒమిస్సీ వాటిలో కొన్నింటిని 1999లో పుస్తకంగా తెచ్చాడు. సెన్సారు చదువుతాడని సిపాయిలకు తెలుసు. అందుకే మాటల్ని మరుగుచేశారు. ఒక సిపాయి మిరియాల గురించీ ఎర్ర మిరప గురించీ రాస్తాడు: నల్లవి అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారు అంటాడు. నల్లవి మనవాళ్ళు, ఎర్రవి దొరలు. ఇంకొందరు తమ్ముణ్ణి పటాలంలో చేరనివ్వవద్దని చుట్టూ తిప్పి చెబుతారు. ధ్వని అంటే ఏమిటో ఆనందవర్ధనుడి దగ్గరే నేర్చుకోవాలని లేదు, ప్రాణభయంలో వున్న చదువురాని మనిషి దగ్గరా నేర్చుకోవచ్చు. అధికారుల్ని మెచ్చుకుంటూ, చక్రవర్తి ఉప్పు తిన్నామంటూ రాయించిన ఉత్తరాలు కూడా అదే పుస్తకంలో నిండుగా వున్నాయి. వాటిని దాచిపెట్టి మిరియాల ఉత్తరం ఒక్కటే చూపిస్తే నేను కూడా సెన్సారు అధికారినే అవుతాను.

మన సాహిత్యాల్లో ఈ మనిషి జాడ సన్నగా వుంది. హిందీలో చంద్రధర్ శర్మ గులేరీ ‘ఉస్‌నే కహా థా’ కథ 1915లోనే, యుద్ధం సాగుతుండగానే, వచ్చింది. జమాదార్ లహనాసింగ్ చిన్ననాటి ఒక మాటకోసం ప్రాణమిస్తాడు. కథంతా ఆ మనసే నిండివుండి, చివర వార్తాపత్రికలోని మృతుల జాబితాలో ఒక్క పంక్తిగా ముగుస్తాడు. పేరుకీ అంకెకీ మధ్య దూరమెంతో గులేరీ అప్పుడే చూశాడు. అభ్యుదయ రచయితల సంఘ స్థాపకుల్లో ఒకరైన ముల్క్‌రాజ్ ఆనంద్ ‘అక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ నవలలో పంజాబు రైతుబిడ్డ లాలూని ఫ్రాన్సు బురదలోకి నడిపించాడు. తెలుగులో బర్మా, మలయా వెళ్ళినవాళ్ళు కథల్లోకి వచ్చారు. మెసపొటేమియా వెళ్ళినవాడికి మనం తలుపు తీయలేదు.

మనకేం సంబంధం అంటారా? వుంది. ఉత్తర హిందూస్థానంలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవారు. 1857లో ఢిల్లీ వీధుల్లో తిరుగుబాటు సిపాయిలకు జనం పెట్టిన పేరూ అదే. కర్నాటక యుద్ధాల కాలంలో కంపెనీ పటాలాల్లో మొదట చేరినవాళ్ళలో తెలుగుదేశం వాళ్ళు ఎక్కువగా వుండటంతో, మన దేశనామమే అక్కడ వృత్తినామమైంది. నిఘంటువులో ఇది ఒక చిన్న ఆరోపం, మనకు పెద్ద చరిత్ర. ఈ తిలంగాలు మాట వినే బొమ్మలూ కారు: 1780 అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలు మద్రాసుకు ఓడ ఎక్కమంటే ఎక్కమని తుపాకులు తిప్పారు. తర్వాత ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం వచ్చింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా చేసిన రాబర్ట్స్ దక్షిణాదివాళ్ళు పోరాటానికి పనికిరారని తీర్మానించి, ఇండియా సేనాపతి అయ్యాక దాన్ని అమలు చేశాడు. తెలుగు సిపాయి పటాలాల్లోంచి క్రమంగా తప్పుకున్నాడు, తప్పించబడ్డాడు. 1920లలో మద్రాసు పదాతి పటాలాలు రద్దయ్యాయి. రెండో యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి మళ్ళీ మొలిచాయి. అవసరాన్ని బట్టి శౌర్యం పుట్టి గిట్టుతుంది కాబోలు! అయినా మొదటి యుద్ధానికి మద్రాసు శాపర్లలోనూ, తక్కిన దళాల్లోనూ మనవాళ్ళు వెళ్ళారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఆ వూళ్ళో వాళ్ళకు స్మారకమూ వుంది.

రాయి ఎవరికి దక్కదో కూడా చూడాలి. న్యూవ్ షాపెల్ గోడమీద గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన గబర్‌సింగ్ నేగీ పేరుంది. 1915 మార్చి 10న మరణించాడు, విక్టోరియా క్రాస్ వచ్చింది. అదే గఢ్వాల్ పటాలంలోని చంద్రసింగ్ గఢ్వాలీ ఆ యుద్ధాన్నే చూసి బతికివచ్చాడు. 1930 ఏప్రిల్ 23న పెషావరులో నిరాయుధులైన పఠానుల మీద కాల్పులు జరపమంటే అతనూ అతని సహచరులూ జరపలేదు. సైనిక న్యాయస్థానం అతనికి యావజ్జీవం వేసింది. ఇర్విన్ తోరణాన్ని ఆవిష్కరించిన రోజున చంద్రసింగ్ జైల్లో వున్నాడు. 1915 ఫిబ్రవరిలో సింగపూరులో తిరగబడ్డ 5వ లైట్ ఇన్‌ఫంట్రీ సిపాయిల్లో 47 మందిని జనం చూస్తుండగా గోడకు నిలబెట్టి కాల్చారు. ఆ తిరుగుబాటులో చనిపోయిన బ్రిటిషువాళ్ళ పేర్లు సింగపూరులో ఫలకాలమీద వున్నాయి. కాల్చినవాడూ, కాల్చననివాడూ ఒకే పల్లెనుంచి, ఒకే పేదరికంనుంచి వచ్చినవాళ్ళు. ఒకణ్ణి ద్రోహి అనీ ఒకణ్ణి వీరుడనీ విడదీయడం సులువు. లహనాసింగ్ ఎప్పుడు చంద్రసింగ్ అవుతాడు, ఎందుకవుతాడు అన్నది చరిత్రకారుడికీ నవలాకారుడికీ అసలు ప్రశ్న. నా ‘కూలి సిపాయి’ అనే మాట ఆ ప్రశ్నకు తలుపు మూసేసింది.

కట్టించినవాడి ఉద్దేశంతోనే స్మారకం జీవితం ముగియదని చెప్పడానికి భీమా కోరేగావ్ ఒక్కటి చాలు. 1818 జనవరి 1 నాటి పోరుకు కంపెనీ తన గెలుపు గుర్తుగా నిలిపిన స్తంభమది. దానిమీద చెక్కిన 49 పేర్లలో 22 మహర్లవి. తర్వాత అదే బ్రిటిషు ప్రభుత్వం ‘యుద్ధజాతి’ కాదని మహర్ల చేరికను ఆపేసింది. 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికి వెళ్ళాడు. కంపెనీ గెలుపును మెచ్చుకోవడానికి కాదు. అంటరానివాడని వూరి బయట వుంచిన మనిషి పేరు రాతిమీద వుందని చూపించడానికి. నేటికీ ప్రతి జనవరి 1న లక్షలమంది అక్కడికి వెళ్ళేది ఆ పేర్లకోసం. బస్రాలో మాదిరిగా ‘ఇతర సైనికులు ఇంతమంది’ అని చెక్కి వుంటే అంబేద్కర్ ఏ రాతిని చూపించేవాడు?

2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం ఈ విషయంలో మెరుగు. స్వాతంత్ర్యం తర్వాత మరణించిన 25,942 మంది పేర్లతో అది మొదలైంది. త్యాగచక్రమనే వలయంలో గ్రానైటు పలకలమీద బంగారు అక్షరాలు. సిపాయి పేరూ కల్నల్ పేరూ ఒకే పరిమాణంలో, మనిషి చేతికందే ఎత్తులో. పిల్లల్ని తీసుకుని వెళ్ళినప్పుడు గల్వాన్‌లో 2020 జూన్‌లో మరణించిన సూర్యాపేట వాసి సంతోష్‌బాబు పేరు వాళ్ళే వెతికి పట్టుకుని వేలితో తడిమారు. తర్వాత ఇండియా గేటు కిందికి వచ్చి మెడలు వెనక్కి వంచారు. ఆ ఎత్తున పేర్లు కనబడతాయి, చదవబడవు. జ్యోతి లేదు. ఎదురుగా, ఒకప్పుడు అయిదో జార్జి నిలబడిన మంటపంలో 2022 సెప్టెంబరునుంచి నేతాజీ నిలబడ్డాడు. మన ఖమ్మం నుంచి 140 చక్రాల బండిమీద ఎక్కించి తీసుకువెళ్ళిన 280 టన్నుల ఏకశిల ఆ విగ్రహమైంది. జార్జి పోయి సుభాష్ రావడం నాకు సంతోషమే. కాని ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాళ్ళలో అధికభాగం అంతకుముందు బ్రిటిషు సైన్యపు సిపాయిలేనన్న సంగతి, వాళ్ళ తండ్రుల తరం పేర్లున్న తోరణం ఎదుటే మరిచిపోదామా?

బెర్లిన్ దగ్గర వ్యూన్స్‌డార్ఫ్ అనే చోట జర్మనులు భారతీయ యుద్ధఖైదీల్ని వుంచిన శిబిరం ఒకటుండేది. భాషాశాస్త్రజ్ఞులు అక్కడికి ధ్వనియంత్రాలు తీసుకువెళ్ళి, ఖైదీల ఉచ్చారణ నమూనాలకోసం వాళ్ళ గొంతులు పలకలకెక్కించారు. 1916 డిసెంబరు 11న మల్‌సింగ్ అనే పంజాబీ సిపాయి ఆ గొట్టం ముందు నిలబడి ఒకటిన్నర నిమిషంలోపు మాట్లాడాడు. తనగురించే, కాని ‘నేను’ అనకుండా, పేదరాశి పెద్దమ్మ కథ చెప్పినట్టు చెబుతాడు: ఒక మనిషి వుండేవాడు, హిందూస్థానంలో వెన్న తినేవాడు, యుద్ధానికి వచ్చాడు, జర్మనీ పట్టుకుంది, ఇంటికి పోవాలనుకుంటున్నాడు, ఇంకో రెండేళ్ళు ఇక్కడే వుంటే చచ్చిపోతాడు, దేవుడు దయతలచి సంధి కుదిరితే వెళ్ళిపోతాడు. ఆ పలక భద్రంగా వుంది. మొన్న తొమ్మిదో తరగతి వాళ్ళకు ఫోనులో వినిపించాను. గరగరలమధ్య అర్థంకాని భాష; మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పాను. అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బల్లనుంచి ఒక అమ్మాయి లేచి, “ఇంటికి వెళ్ళాడా మాస్టారూ?” అని అడిగింది.